తాళంచెవి తిప్పగానే వినవలసింది: స్టార్ట్ కాని కారును పరీక్షించే పద్ధతి

అనంతపురంలో కారు యజమానులను, ఐటీఐ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం

సభలోని పెద్దలకు, షెడ్లు నడుపుతున్న మిత్రులకు, ఐటీఐ నుంచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడవలసిన విషయం చాలా చిన్నది. పొద్దున్నే కారులో కూర్చుని తాళంచెవి తిప్పితే ఇంజను పలకనప్పుడు, మెకానిక్కును పిలిచే ముందు మనం ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి అన్నదే ఆ విషయం. "బండి స్టార్ట్ కాల్యా సార్" అని షెడ్డుకు ఫోను వస్తుంది. విన్నవాడికి ఆ మాటవల్ల తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. బ్యాటరీ మీద వదులైన నట్టు మొదలుకొని ఇంజను లోపలి పిస్టన్ల, వాల్వుల కదలికలను జతపరిచే టైమింగ్ బెల్టు తెగిపోవడం దాకా, పైసా ఖర్చుకాని పని మొదలుకొని ఇంజను విప్పవలసిన పని దాకా ఆ మాట వెనుక ఏదైనా ఉండవచ్చు. అదే మనిషి "సెల్ఫ్ బాగా తిరుగుతా ఉంది గానీ ఇంజను పట్టుకోవడంల్యా" అని చెప్పగలిగితే సగం కారణాలు అక్కడికక్కడే తొలగిపోతాయి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే. మొరాయించిన కారు చేసే చప్పుడు, వెలిగే దీపాలు, మసకబారే దీపాలు లోపం ఏ వైపు ఉందో చెబుతూనే ఉంటాయి. వాటిని గమనించకుండా విడిభాగాలు మార్చడం మొదలుపెడితే కొత్త బ్యాటరీ కొని, సెల్ఫ్ విప్పించి బాగుచేయించి, చివరకు 10 నంబరు పానాతో ఒక చుట్టు బిగిస్తే సరిపోయే నట్టు దగ్గరకు వచ్చి ఆగుతాం.

పెట్రోలు ఇంజను మేలుకోవడానికి నాలుగు సమకూరాలి. మొదట ఎవరో ఒకరు దాన్ని తిప్పాలి. తిరిగేటప్పుడు సిలిండర్లలో గాలి గట్టిగా నొక్కుకుపోవాలి. ఆ గాలిలోకి సరిపడా ఇంధనం రావాలి. సరైన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు, నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిలు అంటుకుంటుంది. ఇప్పటి కార్లలో ఐదోది కూడా ఉంది, అది అనుమతి. తాళంచెవిలోని చిప్పును కారు గుర్తుపట్టకపోతే మిగతా నాలుగూ బాగున్నా ఇంజను నడవదు. తిప్పే పని ఒకప్పుడు మనిషి చేతిది. 1912లో క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చాక ఆ పని మోటారుకు దక్కింది, మన షెడ్లలో దాన్నే సెల్ఫ్ అంటారు. అయినా మన అంబాసిడర్లకు ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పే వీలు చాలా కాలం ఉండేది. ఈ సభలో నెరిసిన తలలవారికి ఆ హ్యాండిల్ వెనక్కి తన్నిన దెబ్బ గుర్తుండే ఉంటుంది.

కాబట్టి వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: సెల్ఫ్ తిరుగుతోందా, లేదా? తిరగకపోతే దోషం బ్యాటరీలోనో, తీగల్లోనో, సెల్ఫ్ మోటారులోనో, దాన్ని అడ్డుకునే స్విచ్చుల్లోనో ఉంది. ఆ స్థితిలో పెట్రోలు పంపును, ప్లగ్గులను తలచుకోవలసిన అవసరమే లేదు. తిరుగుతూ ఉండి ఇంజను పట్టుకోకపోతే ఇంధనమో, నిప్పురవ్వో, అనుమతో, గాలి నొక్కుడో లోపించింది. అప్పుడు బ్యాటరీ మార్చడం దండగ. ఈ రెండింటినీ కలిపేసుకున్నందువల్ల జరిగే నష్టం మన ఊళ్లలో ఎంతో ఉంది.

ముందు తిరగని సంగతి చూద్దాం. బోనెట్ ఎత్తకముందే, చేతిలో ఏ పరికరమూ లేకుండా చేయగల పరీక్ష ఒకటుంది. రాత్రిపూటగానీ, గోడకు ఎదురుగా నీడలోగానీ హెడ్‌లైట్లు వెలిగించి తాళంచెవి తిప్పండి, ఆ వెలుగును చూడండి. లైట్లు అసలే వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి, లేదా దాని టెర్మినల్ ఊడిపోయి ఉండాలి. లైట్లు మామూలుగా వెలిగి, తాళంచెవి తిప్పగానే మసకబారిపోతూ లోపలి నుంచి టకటకటకమని వరుస చప్పుడు వస్తే బ్యాటరీలో సరుకు తక్కువగా ఉంది, లేదా కరెంటు వచ్చే దారిలో అడ్డు ఉంది. లైట్లు మసకబారకుండా ఒక్కసారి 'టక్'మని ఊరుకుంటే చూపు సెల్ఫ్ మీదకు, దాని మీదున్న సోలినాయిడ్ మీదకు మళ్లాలి. లైట్లు చెక్కుచెదరకుండా, చప్పుడన్నదే లేకపోతే సెల్ఫ్ దాకా ఆజ్ఞే చేరడం లేదని అర్థం.

ఆ వరుస చప్పుడు ఎందుకు వస్తుందో తెలుసుకోవడం విద్యార్థులకు అవసరం. సోలినాయిడ్ అంటే విద్యుదయస్కాంతం. తాళంచెవి తిప్పగానే అది లోపలి కడ్డీని లాగి, సెల్ఫ్ పళ్లచక్రాన్ని ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, పళ్లలోకి నెట్టి, అదే ఊపులో మోటారుకు పెద్ద కరెంటు కలుపుతుంది. సోలినాయిడ్‌కు కావలసినది కొద్ది కరెంటే, మోటారుకు మాత్రం చిన్న పెట్రోలు కారులో కూడా వంద ఆంపియర్లకు పైగా కావాలి. బలహీనమైన బ్యాటరీ సోలినాయిడ్‌ను లాగగలదు, కానీ మోటారు కలిసిన క్షణంలోనే దాని వోల్టేజీ కూలిపోతుంది. కూలగానే సోలినాయిడ్ పట్టు వదులుతుంది. వదలగానే బరువు తగ్గి వోల్టేజీ మళ్లీ లేస్తుంది. లేవగానే మళ్లీ లాగుతుంది. ఈ లాగుడు, వదులుడు సెకనుకు ఎన్నోసార్లు జరగడమే ఆ టకటక. కనుక ఆ చప్పుడు వినిపించినప్పుడు సెల్ఫ్ చెడిపోయిందని తీర్పు చెప్పడం తొందరపాటు. సోలినాయిడ్ తన పని తాను చేస్తోంది కాబట్టే ఆ చప్పుడు వినిపిస్తోంది.

బ్యాటరీ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన ప్రాంతంలో స్టార్ట్ కాని కార్లలో ముందు అనుమానించదగినది అదే. కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి, నిండుగా ఉన్నప్పుడు ఒక్కో గది 2.1 వోల్టులు ఇస్తుంది, అన్నీ కలిస్తే 12.6. కొన్ని గంటలు కదలకుండా ఉన్న కారులో మల్టీమీటరు పెట్టి చూస్తే 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సుమారు సగం, 12 కన్నా దిగిందంటే దాదాపు ఖాళీ. "మీటరులో పన్నెండు చూపిస్తోంది, పన్నెండు వోల్టుల బ్యాటరీయే కదా, బాగానే ఉంది" అని చాలామంది తృప్తిపడతారు. అది తప్పు లెక్క. ఇంకో సంగతి, అప్పుడే బండి నడిపి ఆపిన వెంటనే మీటరు పెడితే పలకల పైపై చార్జివల్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆర్పి, కాసేపు ఆగి చూస్తే అసలు అంకె తెలుస్తుంది.

అంతకన్నా నమ్మదగిన పరీక్ష, ఒకరు తాళంచెవి తిప్పుతుండగా మరొకరు మీటరు చూడడం. అనంతపురం రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. బోరులో నీళ్లు ఎంత పైన నిలిచి ఉన్నాయన్నది ఒక లెక్క, మోటారు వేశాక అవి నిలుస్తాయా అన్నది మరో లెక్క. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ వోల్టేజీ 10 చుట్టుపక్కల నిలిస్తే బ్యాటరీకి సత్తువ ఉంది. 12.5 చూపిస్తున్న బ్యాటరీ తాళంచెవి తిప్పగానే 9.6 కన్నా దిగి 8కో 7కో పడిపోతే, దాని పలకలు అరిగిపోయో ఒక గది చెడిపోయో ఉండవచ్చు. ఎంత చార్జి పెట్టినా మళ్లీ ఇదే కథ.

బ్యాటరీ గురించి వచ్చిన సలహాల్లో చాలా భాగం చలిదేశాల అనుభవం నుంచి పుట్టినవి. శీతకాలంలో బ్యాటరీ ఎలా కాపాడుకోవాలో అవి వివరంగా చెబుతాయి. మనకు శత్రువు ఎండ. కర్నూలు, నంద్యాల వైపు మే నెలలో నీడలోనే 43, 44 డిగ్రీలు నమోదవుతాయి. పార్కింగులో ఎండకు నిలబడ్డ కారు బోనెట్ కింద వేడి ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. ఆ వేగంతోనే బ్యాటరీ లోపలి పలకల తుప్పు పెరుగుతుంది, నీరు ఆవిరవుతుంది. అయితే దెబ్బ తగిలిన రోజునే బ్యాటరీ పడిపోదు. వేసవిలో ఇంజను నూనె పలచగా ఉండి సులువుగా తిరుగుతుంది కాబట్టి నీరసించిన బ్యాటరీ కూడా నెట్టుకొస్తుంది. డిసెంబరులో తెల్లవారుజామున పెళ్లికి బయలుదేరినప్పుడు, నూనె చిక్కబడి, రసాయన చర్య మందగించినప్పుడు, ఏడు నెలల కిందటి గాయం బయటపడుతుంది. నిందంతా చలి మీద పడుతుంది. అందుకే బ్యాటరీని పరీక్షించుకోవలసిన కాలం వానలు మొదలయ్యే వేళ అని నా అభిప్రాయం, చలికాలం వచ్చేదాకా ఆగకూడదు.

నీళ్లు పోసుకునే రకం బ్యాటరీ అయితే వేసవిలో నెలకొకసారి మూత తీసి పలకలు మునిగి ఉన్నాయో లేదో చూడాలి. తగ్గితే పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎంత ఉంటాయో, ఫ్లోరైడు ఎంత ఉంటుందో ఈ జిల్లావాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. అవి పలకలను పాడుచేస్తాయి. సీసా మీద మినరల్ వాటర్ అని రాసినంత మాత్రాన అది కూడా పనికిరాదు. ఆమ్లం మాత్రం ఇంట్లో ఎవరూ పోయకూడదు, ఎందుకంటే తగ్గింది నీరే, ఆమ్లం లోపలే ఉంది.

ఇక టెర్మినళ్లు. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటుంది. ఆ పొడి కరెంటును అడ్డుకుంటుంది. లైట్లకూ హారనుకూ సరిపోయే కొద్ది కరెంటును దాటనిచ్చి, సెల్ఫ్ అడిగే పెద్ద కరెంటును మాత్రం ఆపేస్తుంది కాబట్టి "హారను మోగుతోంది, బ్యాటరీ బాగుంది, సెల్ఫే పోయింది" అనే తప్పుడు తీర్పుకు ఇదే మూలం. క్లాంపును చేత్తో మెలితిప్పి చూడండి, కదిలితే అది వదులే. శుభ్రం చేయడానికి వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో రుద్దితే చాలు. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగెటివ్. వరుస తప్పితే పానా జారి బాడీకి తగిలి, మెరుపుతో పాటు చేతికి కాలిన మచ్చ మిగులుతుంది. నెగెటివ్ కొమ్ము నుంచి బాడీకీ ఇంజనుకూ వెళ్లే లావుపాటి తీగను మన షెడ్లలో ఎర్త్ అంటారు. దాని రెండో చివరను ఎవరూ చూడరు. బ్యాటరీ కొత్తది, సెల్ఫ్ కొత్తది, అయినా బండి సరిగా తిరగకపోతే ఆ రెండో చివర దగ్గర తుప్పు ఉండి ఉంటుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ కొమ్ముకూ ఇంజను లోహానికీ మధ్య మీటరు పెడితే అర వోల్టు కన్నా చాలా తక్కువ చూపించాలి. అంతకు మించితే ఆ ఎర్త్ తీగ పని పట్టాలి.

బాగున్న బ్యాటరీయే దిగిపోయిందంటే దానికి వేరే కారణం వెతకాలి. బండి నడుస్తుండగా బ్యాటరీ కొమ్ముల మధ్య 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా కనిపించాలి. ఇంజను నడుస్తున్నా 12 దగ్గరే నిలిచిపోతే డైనమో చార్జి చేయడం లేదు. మన మెకానిక్కులు ఇంకా డైనమో అనే అంటారు, ఆల్టర్నేటరు అన్నా అదే. రెండో కారణం దొంగ కరెంటు. ఆపి ఉంచిన కారు గడియారానికీ, అలారానికీ కొద్దిగా కరెంటు తాగుతుంది, అది మామూలే. దానికి తోడు డాష్ కెమెరా, ట్రాకరు, తరువాత వేయించిన మ్యూజిక్ సిస్టం కలిసి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. చిన్న కార్లలో ఉండే బ్యాటరీ నిల్వ సుమారు 35 ఆంపియర్ అవర్లు. బెంగళూరులో పిల్లల దగ్గరకు రైల్లో వెళ్లి నెలన్నర ఉండి వచ్చిన దంపతులకు ఇంటి ముందు కారు పలకకపోవడంలో వింత ఏముంది? ఆ లెక్కన బ్యాటరీ దిగిపోయి తీరాలి. అంతకాలం ఊరు వెళ్లేవారు నెగెటివ్ టెర్మినల్ విప్పి వెళ్లడం మేలు.

దిగిపోయిన బ్యాటరీకి మరో కారు నుంచి జంపర్ కేబుళ్లతో కరెంటు తెచ్చుకోవడం అందరికీ తెలుసు, వరుస మాత్రం కొందరికే తెలుసు. ఎర్ర తీగ ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, దాని చివరి కొస దిగిపోయిన కారు ఇంజను మీద రంగులేని లోహానికి. చివరి కలయిక దగ్గర నిప్పురవ్వ లేవడం సహజం. చార్జి అవుతున్న బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ వాయువు ఉంటుంది కాబట్టి ఆ రవ్వ బ్యాటరీకి దూరంగా లేవాలి. ఇంకో హెచ్చరిక మన జాతీయ రహదారి 44 మీద తిరిగేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. గుత్తి దగ్గరో, డోన్ దగ్గరో కారు ఆగిపోతే పక్కన నిలిచే మొదటి బండి లారీయే అవుతుంది, డ్రైవరు మంచితనంతో కేబుళ్లు కూడా ఇస్తాడు. పెద్ద లారీలది 24 వోల్టుల ఏర్పాటు. ఆ కరెంటు కారుకు తగిలిస్తే ఇంజను కంప్యూటరుతో సహా కాలిపోయే ప్రమాదం ఉంది. దండం పెట్టి వద్దనండి. రహదారి సహాయానికి 1033 నంబరు ఉంది.

తోసి స్టార్ట్ చేయడం గేర్లు చేత్తో మార్చే కార్లకే చెల్లుతుంది. తాళంచెవి ఆన్‌లో పెట్టి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకుని, బండి వేగం అందుకున్నాక వదలాలి. అయితే కంప్యూటరు ఆజ్ఞతో ఇంధనాన్ని చిమ్మే ఇప్పటి ఇంజక్షన్ కార్లలో పంపుకూ కంప్యూటరుకూ కొంతైనా కరెంటు ఉండాలి. డాష్‌బోర్డు దీపాలు కూడా వెలగనంతగా బ్యాటరీ చచ్చిపోతే నలుగురు కలిసి అర కిలోమీటరు తోసినా ఆయాసమే మిగులుతుంది.

బ్యాటరీ నిండుగా ఉండీ చప్పుడన్నదే లేకపోతే చూడవలసినవి కొన్ని సులభమైన పొరపాట్లు. ఆటోమేటిక్ కారులో లివరు పార్కింగులోనో న్యూట్రల్‌లోనో ఉండాలి. మాన్యువల్ గేర్లనే యంత్రం తనంతట తాను మార్చే ఏఎంటీ కార్లలో సాధారణంగా న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు తొక్కాలి. చాలా కొత్త మాన్యువల్ కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కనిదే సెల్ఫ్‌కు ఆజ్ఞ పోదు, కాలి కింద మ్యాట్ మడతపడినా క్లచ్ చివరిదాకా దిగదు. బటన్ నొక్కే కార్లలో 'కీ' కనపడటం లేదని సందేశం వస్తే కీలోని సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. చాలా కార్లలో ఆ కీనే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే పనిచేస్తుంది. ఇవన్నీ సరిగా ఉండి ఒక్క 'టక్' మాత్రమే వినిపిస్తే సెల్ఫ్ లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. అలాంటప్పుడు పానా కర్రతో సెల్ఫ్ ఒంటి మీద నెమ్మదిగా తట్టితే బ్రష్‌లు కదిలి ఒకటి రెండుసార్లు తిరుగుతుంది. అది షెడ్డు దాకా చేరడానికి పనికొచ్చే ఉపాయం. దాన్నే వైద్యంగా నమ్మి నెలల తరబడి తట్టుకుంటూ తిరిగేవారున్నారు, వారు ఎక్కడో ఒక చోట నడిరోడ్డు మీద ఆగక తప్పదు.

ఇప్పుడు రెండో వైపు: సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది, ఇంజను పట్టుకోవడం లేదు. ఇక్కడ మొదటి జాగ్రత్త, పది సెకన్లకు మించి ఒకే బిగిన తిప్పకూడదు. తిప్పాక అర నిమిషమో నిమిషమో ఆగాలి. లేకపోతే ఇంధనం దోషాన్ని వెతుకుతూ సెల్ఫ్‌నూ బ్యాటరీనీ కూడా పోగొట్టుకుంటాం. ముందు ఇంధనం ముల్లు చూడండి, నవ్వకండి, ఆ ముల్లు కూడా అబద్ధం చెబుతుంది. ట్యాంకులోని ఫ్లోటు ఇరుక్కుపోతే ఖాళీ ట్యాంకు కూడా సగం చూపిస్తుంది. తర్వాత డాష్‌బోర్డులో తాళంచెవి గుర్తున్న దీపం ఆన్‌లోకి రాగానే వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా మిణుకుమిణుకుమంటూ ఉంటే కారు తాళంచెవిని గుర్తుపట్టడం లేదు. ఇంట్లో రెండో తాళంచెవి ఉంటే దానితో ప్రయత్నించండి. నకలు తాళం చేయించినప్పుడు చిప్పు లేకుండా ఇనుప ముక్క మాత్రమే చేయించుకున్నవారికి తలుపు తెరుచుకుంటుంది గానీ ఇంజను నడవదు.

అనుమతి దక్కిందనుకుంటే పెట్రోలు సంగతి. వెనక సీటు దగ్గర చెవిపెట్టి, తాళంచెవి ఆన్‌లోకి తిప్పించండి. చాలా కార్లలో రెండు సెకన్ల పాటు సన్నగా 'గుయ్'మనే శబ్దం వినిపించి ఆగిపోతుంది. ట్యాంకులోని పంపు పైపుల్లో ఒత్తిడి నింపుతున్న శబ్దం అది. వినిపించకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. రిలే పెట్టెలో హారనుకు వాడేదీ, పంపుకు వాడేదీ ఒకే నంబరువైతే రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడవచ్చు. హారను ఆగి పంపు మోగిందంటే వెయ్యి రూపాయల లోపు పనే. పంపు శబ్దం ఉన్నంత మాత్రాన ఒత్తిడి చాలినంత ఉందని కాదు, దానికి షెడ్డులో గేజీ పెట్టి చూడాలి. ట్యాంకు ఎప్పుడూ అడుగంటేలా నడిపే అలవాటు పంపుకు చేటు. ఆ పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది కాబట్టి నెలల తరబడి నిలబెట్టే కారులో పాత పెట్రోలు వదిలేయడం మంచిది కాదు.

ఎండాకాలంలో మన దగ్గర మాటిమాటికీ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. కారు కడప నుంచి బయలుదేరి గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంది, పైన ఎక్కడో టీ తాగడానికి పది నిమిషాలు ఆపుతారు, మళ్లీ తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను మాత్రం పట్టుకోదు. గంటసేపు చెట్టు కింద కూర్చుని లేస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. కార్బ్యురేటరు కాలంలో దీనికి జవాబు సిద్ధంగా ఉండేది: పెట్రోలు గొట్టంలో ఆవిరి పట్టింది, పంపు మీద తడిగుడ్డ వేయండి అనేవారు. ఇంజక్షన్ కార్లలో పెట్రోలు ఎక్కువ ఒత్తిడి కింద ఉంటుంది కాబట్టి అలా ఆవిరి పట్టడం చాలా అరుదు. ఇక్కడ ముందు అనుమానించదగినది క్రాంక్ సెన్సారు. ఇంజను తిరుగుతోందని కంప్యూటరుకు చెప్పేది అదే. దాని లోపలి సన్నని తీగ చుట్ట వేడికి వ్యాకోచించి తెగి, చల్లారితే మళ్లీ కలుస్తుంది. దాన్ని పట్టుకోవడానికి చిన్న గుర్తు: సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇంజను వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు కొద్దిగానైనా లేవాలి. చాలా కార్లలో ఆ ముల్లు అసలు కదలకపోతే సెన్సారు నుంచి కబురు అందడం లేదన్నమాట. ఇది ఆగిన చోటనే చూడాలి. చల్లారి, బాగా నడుస్తూ షెడ్డుకు చేరిన కారులో మెకానిక్కుకు ఏ లోపమూ కనిపించదు. అప్పుడు యజమాని మాట ఒక్కటే సాక్ష్యం.

అదే పనిగా తిప్పినందువల్ల పెట్రోలు వాసన గుప్పుమంటే ప్లగ్గులు తడిసిపోయాయని అర్థం. చాలా ఇంజక్షన్ కార్లలో యాక్సిలరేటరు నేలదాకా తొక్కిపట్టి తిప్పితే కంప్యూటరు ఇంధనం ఆపి గాలి మాత్రమే పంపుతుంది, ప్లగ్గులు ఆరుతాయి. ఎలుకల గురించి ఒక మాట. వేరుశనగ నిల్వచేసే ఇళ్ల దగ్గర, పంట చేతికొచ్చే కాలంలో ఆపి ఉంచిన కార్ల బోనెట్ కింద అవి గూడు కడతాయి, తీగలు కొరుకుతాయి. నిన్న సాయంత్రం దాకా బాగా నడిచిన బండి ఈ ఉదయం ఒక్కసారిగా నాలుగైదు హెచ్చరిక దీపాలతో మొరాయిస్తే, ఏ సెన్సారునూ నిందించకుండా ముందు టార్చి వేసి తీగల కట్టలను చూడండి.

డీజిలు కార్లకు కొన్ని ప్రత్యేక సంగతులున్నాయి. ట్యాంకు పూర్తిగా ఎండితే గొట్టాల్లోకి గాలి చేరుతుంది, దాన్నే ఎయిర్ పట్టడం అంటారు. డీజిలు పోసిన వెంటనే సెల్ఫ్ కొడుతూ కూర్చోవడం సరికాదు. అధిక ఒత్తిడి పంపుకు జారుడు ఇచ్చేది డీజిలే కాబట్టి గాలితో తిరిగితే అది అరిగిపోతుంది. చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కి గాలి తీయాలి. ఫిల్టరులో నీరు చేరిందని దీపం చెబితే ముందు ఆ నీటిని కిందికి వదలాలి. సిలిండరును ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గులు చలిదేశాల్లో ప్రాణాధారం, మన దగ్గర వాటివల్ల బండి పూర్తిగా ఆగిపోవడం అరుదు. బంకులో పొరపాటున డీజిలు కారులో పెట్రోలు పోస్తే మాత్రం తాళంచెవి ఆన్‌లోకి కూడా తిప్పకుండా, ట్యాంకు ఖాళీ చేయించాలి.

సెల్ఫ్ తిరిగే చప్పుడులో మామూలుగా ఒక లయ ఉంటుంది, ఒక్కో సిలిండరు గాలిని నొక్కేటప్పుడు కాస్త బరువెక్కి, తర్వాత తేలికపడుతుంది. ఆ లయ పోయి, అడ్డూ ఆపూ లేకుండా 'ర్‌ర్‌ర్'మని ఎప్పటికన్నా వేగంగా తిరిగితే వెంటనే ఆపేయండి. టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. అప్పుడు ఇంకా తిప్పితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను తాకి, బెల్టు ఖర్చు కాస్తా ఇంజను ఖర్చవుతుంది.

కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే స్కానరు గురించి విద్యార్థులు అడుగుతారని తెలుసు. స్కానరు మంచి పరికరమే, దాని మాటను ఎక్కడిదాకా నమ్మాలో తెలియాలి. పి0335 అని కోడ్ వస్తే అది క్రాంక్ సెన్సారు సర్క్యూటులో లోపం అని చెబుతోంది. సర్క్యూటు అంటే సెన్సారు, దాని ప్లగ్గు, కంప్యూటరు దాకా వెళ్లే తీగలు అన్నీ. కోడ్ చూసి సెన్సారు మార్చి, ఎలుక కొరికిన తీగను అలాగే వదిలేస్తే యజమాని మరునాడు మళ్లీ వస్తాడు, ఈసారి కోపంగా వస్తాడు. బ్యాటరీ వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు సంబంధంలేని కోడ్‌లు అరడజను పేరుకోవడం కూడా మామూలే. అందుకని ముందు బ్యాటరీని నిండుగా చార్జి చేసి, కోడ్‌లు రాసుకుని, చెరిపి, మళ్లీ ఏవి వస్తాయో చూడాలి.

ఇంతసేపూ తాళంచెవి తిప్పి వినండి, చూడండి అని చెప్పాను. తిప్పకూడని సందర్భం ఒకటుంది, అది నీట మునిగిన కారు. 2009 అక్టోబరులో కర్నూలు నగరం, 2021 నవంబరులో చెయ్యేరు నది ఒడ్డు ఊళ్లు, 2022 అక్టోబరులో ఇక్కడ నడిమి వంక పక్కన కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన బండ్లూ నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీసిన తర్వాత ఎవరికైనా మొదట చేయాలనిపించేది బండి బతికుందో లేదో ఒకసారి తిప్పి చూడడమే. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేం. గాలి గొట్టం గుండా సిలిండరులోకి నీరు చేరి ఉంటే, సెల్ఫ్ తిరిగిన ఆ ఒక్క క్షణంలో పైకి వచ్చే పిస్టన్‌కు దారి ఉండదు, పిస్టన్‌ను నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరద పాడుచేయని ఇంజను తాళంచెవితో పాడవుతుంది. నీరు చక్రాల మధ్య ఇరుసును దాటి పైకి వచ్చిందని గుర్తు కనిపిస్తే నెగెటివ్ టెర్మినల్ విప్పేయండి, నూనె గేజీ పుల్ల తీసి చూడండి. నూనె పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరింది. బీమా ఉంటే ఫొటోలు తీసి కంపెనీకి తెలియజేసి, బండిని లాగించుకుని షెడ్డుకు చేర్చండి. అక్కడ గాలి ఫిల్టరు, ప్లగ్గులు విప్పి, ఇంజనును ముందు చేత్తో తిప్పి, నీరంతా బయటికి తీసి, నూనె మార్చాకే సెల్ఫ్ జోలికి పోవాలి. డీజిలు కారైతే ప్లగ్గులకు బదులు ఇంజెక్టర్లను గానీ గ్లో ప్లగ్గులను గానీ విప్పాలి, అది ఇంటి దగ్గర చేసే పని కాదు.